స్టెప్నీ లేకుండా ఉదయగిరికా?

నెల్లూరు నుంచి ఉదయగిరికి దాదాపు వంద కిలోమీటర్లు. కారుకు అదేమంత దూరం కాదు. పొద్దున్నే బయల్దేరితే కొండమీది కోట చూసుకుని, ఊళ్లో చెక్క చెంచాలు కొనుక్కుని, చీకటి పడేసరికి ఇల్లు చేరొచ్చు. చిక్కల్లా సామాన్లు సర్దేటప్పుడే! సీఎన్‌జీ సిలిండరు ఉన్న కారైతే మరీనూ. ఆ మిగిలిన కాస్త చోటునూ స్టెప్నీ తినేస్తుంది. ‘తీసి ఇంట్లో పడేద్దాం నాన్నా, ఎన్నిసార్లు వాడాం గనుక’ అంటాడు అబ్బాయి. ‘కొండదారిరా, ఉండనీ’ అంటాడు తండ్రి. ఎవరి మాట నెగ్గాలి?

అసలీ స్టెప్నీ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? తొలినాళ్ల కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. పంక్చరైతే నడిరోడ్డు మీదే టైరు విప్పి ట్యూబు అతికించుకోవాల్సిందే. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లనెల్లీ అనే ఊళ్లో డేవిస్ సోదరులు దీనికో ఉపాయం కనిపెట్టారు. గాలి నింపిన టైరును ఊచల్లేని రిమ్ముకు తొడిగి, పంక్చరైన చక్రానికి పక్కన బిగించుకునేలా తయారుచేశారు. వాళ్ల దుకాణం స్టెప్నీ వీధిలో ఉండేది. ఆ వీధి పేరే చక్రానికీ స్థిరపడిపోయింది. బ్రిటన్ వాళ్లు దాదాపు మర్చిపోయినా, మన మెకానిక్కులు మాత్రం ఆ పేరును వదల్లేదు!

ఇక చట్టం సంగతి. 2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. డ్రైవరుతో కలిపి తొమ్మిది మందికి మించకుండా, మూడున్నర టన్నుల లోపు బరువుండే ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. అయితే మూడు షరతులున్నాయి. ట్యూబ్‌లెస్ టైర్లుండాలి. గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటుండాలి. పంక్చరు పూడ్చే కిట్టు వెంట ఉండాలి. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీలకు చోటు కావాలన్నదీ ఈ సవరణకు ఒక కారణం. అంతేగానీ, ఈ ఏర్పాట్లేవీ లేని పాత కారులోంచి స్టెప్నీ తీసి పక్కన పెట్టేయమని కాదు.

కిట్టు ఉంటే సరిపోతుందా? అది దారిని బట్టి ఉంటుంది. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు దాకా 67వ నంబరు జాతీయ రహదారి. సంగం దగ్గర పెన్నా మీద 2022లో ప్రారంభమైన బ్యారేజీని చూడ్డానికి ఆగేవాళ్లూ ఉంటారు. దారి పొడవునా ఊళ్లున్నాయి, పంక్చరు షాపులున్నాయి. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరూ ఉంది. ఇంతవరకూ అబ్బాయి మాటే నెగ్గుతుంది.

ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు మళ్లాక లెక్క మారుతుంది. పడమట వెలిగొండలు దగ్గరవుతుంటాయి, ఊరికీ ఊరికీ ఎడం పెరుగుతుంది. సాయంత్రమైతే షాపులు మూసేస్తారు. సెల్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉంటుందన్న భరోసా లేదు. సర్కారు తుమ్మ ముల్లో, మేకో గుచ్చుకుంటే కిట్టుతో పని జరుగుతుంది. అదే రోడ్డు అంచున రాయి కోసుకుని టైరు పక్కభాగం చీలితే? ఏ జిగురూ దాన్ని అతికించలేదు. అలాగే ముందుకు పోనిస్తే టైరుతోపాటు రిమ్మూ పాడవుతుంది. అప్పుడు కావలసింది ఇంకో చక్రమే. కారులో చంటిపిల్లో, మందులు వేసుకునే పెద్దాయనో ఉంటే, చీకట్లో రోడ్డు పక్కన గంటల తరబడి నిరీక్షణ ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇక్కడ నెగ్గేది తండ్రి మాట!

ఉదయగిరి ఎవరికీ అంత సులువుగా లొంగిన ఊరు కాదు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట దక్కాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి, హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. అంతకాలం ముట్టడి సాగించాలంటే వెనకాల ఎంత సరంజామా ఉండాలి! ఒక్కరోజు ప్రయాణానికి మనం మోయాల్సింది ఒక్క చక్రమే.

అయితే స్టెప్నీ ఉందనుకుంటే చాలదు. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న టైరులో గాలి దిగిపోయి ఉంటుంది. నాలుగు టైర్లకూ గాలి పట్టించేటప్పుడు ఐదోదీ చూడమనాలి. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటేనే లెక్క సరిగ్గా తెలుస్తుంది. నెల్లూరు ఎండల్లో ఇది మరీ ముఖ్యం. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, పేలిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. జాకీ, వీల్ స్పానర్, టార్చిలైటు, రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం ఉన్నాయో లేదో చూసుకోవాలి. చక్రం మార్చేటప్పుడు కారును గట్టినేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, పిల్లల్ని రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తాలి.

కారుతోపాటే స్టెప్నీ రాకపోతే? ఆత్మకూరులో ఆగి గాలి చూపించుకుని, కిట్టు పనిచేస్తోందని నిర్ధారించుకుని, పగటిపూటే వెళ్లి పగటిపూటే తిరిగొచ్చేలా బయల్దేరడం మేలు. స్టెప్నీ ఉండీ తీసేయాలా అన్నదే ప్రశ్న అయితే, జవాబు కష్టమేం కాదు. ఓ సూట్‌కేసు తగ్గించుకుంటే సరి! భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలు ఇంటిల్లిపాదికీ కొన్నా, ఒళ్లో పెట్టుకునే సంచిలో పట్టేస్తాయి.