పాత హెచ్‌ఎంటీ

నూజివీడు మామిడితోట దున్నడానికి నాన్న కొన్న హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టరు ఏళ్లుగా షెడ్డులో తుప్పు పడుతోంది. ఇప్పుడు పదో తరగతి చదివే మా అమ్మాయీ నేనూ సెలవు దొరికినప్పుడల్లా దాన్ని విప్పుతున్నాం. చెకోస్లొవేకియా కంపెనీ జెటార్ సాయంతో 1971లో హర్యానాలోని పింజోరులో మొదలైన 25 హార్స్‌పవర్ బండి ఇది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. పుట్టిల్లు లేని యంత్రం ఇక ఎవరి చేతుల్లో బతకాలి?

డీజిల్ లైనులో గాలి చేరితే ఇంజను పలకదు. ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, ఆ తర్వాత బుడగ లేని ధార. సరిగ్గా అప్పుడే బిగించాలి. నాన్న ఇది మాటలతో నేర్పలేదు. నా చేతి మీద తన చెయ్యి వేసి బిగించేవాడు.

"ఇంకా బుడగలొస్తున్నాయి నాన్నా, ఆగు" అంటుంది అమ్మాయి. ఆగుతాను. ఇంట్లో ఇంతసేపు మేమిద్దరం ఒకే వస్తువును చూస్తూ కూర్చున్నది లేదు.

పాత ఇనుము వాళ్లు తూకానికి అడుగుతున్నారు. మీ షెడ్డులోనూ ఇలాంటిది ఉంటే, బేరం కుదుర్చుకునే ముందు ఓ ఆదివారం మీ పిల్లల చేతికి స్పానరు ఇచ్చి చూడండి.