మీటరు దగ్గర నేర్చుకున్న పాఠం

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్నామధ్య మార్కులు వచ్చాయి. పర్యావరణ విద్యలో నూటికి ఎనభై ఆరు! సంబరపడిపోయి సేమియా పాయసం చేశాను. ఆ సాయంత్రమే కరెంటు బిల్లు కూడా వచ్చింది. "ఏమే, యూనిట్ అంటే ఎంత కరెంటు?" అని అడిగితే తెల్లమొహం వేసింది. "అది పరీక్షలో రాదమ్మా" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. పెళ్ళి కుదిరింది, పుస్తకాలు అటకెక్కాయి. అందుకే కాలేజీ అంటే నాకిప్పటికీ గుడి లాంటిదే. అక్కడ చెప్పిన మంచి ఇంటిదాకా రాకపోతే మనసుకి కష్టంగా ఉండదూ?

ఆ రాత్రి దాని పుస్తకం తీసి చదివాను. సౌరశక్తి, పవనశక్తి, బయోగ్యాస్... అన్నీ ఉన్నాయి. డిగ్రీ పిల్లలందరికీ ఈ పాఠం ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పిందట. 2003లో మళ్ళీ గట్టిగా చెప్పింది. యూజీసీ ఆరు నెలల సిలబస్ కూడా తయారుచేసింది. అందులో నూరు మార్కుల్లో 25 మార్కులు బయటికి వెళ్ళి కళ్ళతో చూసి రాసే పనికే పెట్టారు. మరి మా అమ్మాయి ఏం చూసింది? సీనియర్ అక్క రికార్డు తెచ్చుకుని, బొమ్మలతో సహా దించేసింది!

తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళినప్పుడు లేచి నిలబడ్డాను. నా గొంతు వణికింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా పెద్ద చదువులవాళ్ళే. "మేడమ్, మీ మేడ మీద సోలార్ పలకలు ఉన్నాయి కదా, పిల్లలకు చూపిస్తారా?" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. మేడమ్ గారు నవ్వలేదు. "మేడ తాళం ఎప్పుడూ వేసే ఉంటుందండీ, సిలబస్ పూర్తిచేయడానికే టైము చాలదు" అన్నారు. "ఒక్క పూట తాళం తీయించండి మేడమ్" అని కూర్చున్నాను. ఇంటికొచ్చాక మావారు "నీకెందుకే ఇవన్నీ?" అన్నారు. నిజం చెప్తున్నా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదిరోజులకు తాళం తీశారు! ఆ మేడమే పిల్లల్ని పైకి తీసుకెళ్ళారు. పలకల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము ఉందట. దుమ్ము పడితే కరెంటు తక్కువ వస్తుందని మా అమ్మాయే వచ్చి నాకు చెప్పింది. పుస్తకంలో ఆ ముక్క ఎన్నిసార్లు చదివిందో, తుడిచిన రోజునే అర్థమైంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం ఆదివారం మీటరు చూసి రాస్తున్నాం. వెయ్యి వాట్ల వస్తువు గంట వాడితే ఒక యూనిట్. అంటే రెండువేల వాట్ల గీజరు అరగంటలోనే యూనిట్ తినేస్తుంది. అదే యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నూరు గంటలకు పైగా వెలుగుతుంది! ఈ లెక్క తెలిశాక గీజరు స్విచ్చి నేను గుర్తుచేయక్కర్లేదు, అదే కట్టేస్తోంది.

చదువు అంటే మార్కులే కాదనడానికి రాజస్థాన్‌లోని తిలోనియా ఊరు ఉంది. బంకర్ రాయ్ గారు 1972లో అక్కడ మొదలుపెట్టిన సంస్థకు బేర్‌ఫుట్ కాలేజీ అని పేరు. ఎన్నో దేశాల నుంచి చదువురాని అమ్మమ్మలు వచ్చి, రంగులూ గుర్తులూ చూసుకుంటూ సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. తిరిగి వెళ్ళి వాళ్ళ ఊళ్ళకి వెలుగు ఇచ్చారు. అక్షరం రాని అమ్మమ్మలు చేయగలిగింది, ఫీజు కట్టి చదివే మన పిల్లలు చేయలేరా చెప్పండి?

ఇళ్ళ మీద సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం 2024లో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించింది. మా మేడకి ఎంత సరిపోతుందో మా అమ్మాయి టేపుతో కొలిచి కాగితం మీద వేసింది. మావారు ఆ కాగితం చూసి "చూద్దాంలే" అన్నారు. నన్ను "నీకెందుకే" అన్న మనిషి, కూతురి లెక్కని మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు అది చాలు.

ఈసారి మీరూ మీ పిల్లల కాలేజీకి వెళ్ళినప్పుడు ఫీజు, హాజరు, మార్కుల గురించి అడగండి. అడిగాక ఇంకొక్క మాట కూడా అడగండి: "పర్యావరణం పాఠంలో మా పిల్ల చేత్తో ఏం చేసింది?" అని. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఏమంటారు?