మే నెలలో బిగిసిన భుజాలు

ఆదోనిలో ఫిజియోథెరపీ చేసేవాళ్లకు నొప్పుల క్యాలెండరు కంఠతా వచ్చేస్తుంది. దసరా దాటి పత్తి తీతలు మొదలైతే ఆడవాళ్ల నడుములు, మార్కెట్ యార్డులో బోరాలెత్తే హమాలీల మెడలు. ఎమ్మిగనూరు గుంత మగ్గాల వాళ్ల మోకాళ్లకు మాత్రం సీజనంటూ లేదు. మే ఎండల్లో మా బల్లలు ఖాళీగా ఉంటాయి. 2025లో అలా లేవు.

మే 7 తెల్లవారేసరికి పాకిస్తాన్ మీద మన సైన్యం దాడుల వార్త, ఆపరేషన్ సిందూర్. కశ్మీర్ సరిహద్దు ఇక్కడికి దాదాపు రెండువేల కిలోమీటర్లు. కొడుకు అక్కడ డ్యూటీలో ఉన్న ఒకామెకు ఆ దూరం లెక్కలోకి రాలేదు. సుగరు వల్ల భుజం కీలు పట్టేసి మా దగ్గరికి వస్తుండేది. అప్పటికి కొప్పు ముడుచుకునేంత వరకూ చెయ్యి లేస్తోంది. ఆ వారం చెవి దాకా కూడా రాలేదు.

"నరం పట్టింది సార్, కరెంటు పెట్టండి."

నరం కాదు. మెడ నుంచి భుజం మీదికి దిగే ట్రెపీజియస్ కండ చెక్కలా ఉంది. భయం వేస్తే దెబ్బ కాచుకోవడానికి ఒళ్లు తనంతట తానే భుజాలు పైకి లాగుతుంది, పళ్లు బిగిస్తుంది, ఊపిరి పైపైన తీస్తుంది. ఎదురొచ్చిన పాము పక్కకు పోతే కాసేపట్లో అన్నీ సడలుతాయి. రాత్రంతా టీవీ మోగుతుంటే ఎట్లా సడలుతాయి? నిద్ర చెడితే నొప్పి ఇంకా పెద్దదవుతుంది. కదిపితే ఏమవుతుందోనని చెయ్యి కదపరు, కీలు మరింత బిగుస్తుంది. ఇదేదీ స్కానింగులో కనబడదు కాబట్టి ఇంట్లోవాళ్లు "అంతా మనసులోనే" అంటారు. ఆ మాట నాకు గిట్టదు. వేలికి తగులుతున్న ముడి మనసులో ఎట్లా ఉంటుంది?

గాయమెంతో నొప్పీ అంతే అని కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని యాంజియో దగ్గర పనిచేసిన అమెరికా మత్తు డాక్టరు హెన్రీ బీచర్, పెద్ద గాయాలైన సైనికుల్లో చాలామంది నొప్పి మందు అడగలేదని 1946లో రాశాడు. గాయమంటే వాళ్లకు యుద్ధం నుంచి సెలవు. ఈమెకు గాయమూ లేదు, సెలవూ లేదు.

మే 9న గోరంట్ల మండలం కల్లితండా జవాను మురళీ నాయక్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. ఆ రోజు వ్యాయామాల ఊసెత్తలేదు, కరెంటే పెట్టాను. దాని ఉపశమనం కొన్ని గంటలే, అది ఆమెకూ తెలుసు. మా హాల్లో టీవీ కట్టేయించాను. ఫోను మాత్రం లోపల పెట్టమనలేదు. స్టూలు మీద, ఆమె కంటికి ఎదురుగా పెట్టించాను. మర్నాటి నుంచి మూడే పనులు: ఊపిరి నిదానంగా వదలడం, భుజాలెత్తి జారవిడవడం, ముందుకు వంగి చెయ్యిని వేలాడేసి ఊపడం.

10 సాయంత్రం కాల్పులు ఆపుతున్నామన్నారు. "ఇంక తగ్గాల గదా సార్" అందామె. వెంటనే తగ్గదమ్మా అన్నాను. తగ్గలేదు కూడా. కొడుకు గొంతు విన్నాక ముందు నిద్ర వచ్చింది, తర్వాత మెడ వదిలింది, అన్నిటికన్నా ఆలస్యంగా భుజం. చెయ్యి మళ్లీ కొప్పు దాకా పోయేసరికి ఆషాఢం వచ్చింది.

ఇన్నాళ్లూ ఆమెను బండి మీద దింపి, బయటే నిలబడిపోయే భర్త, కొడుకు సెలవుకొచ్చి వెళ్లాక లోపలికొచ్చాడు. మెడ తిప్పలేకపోతున్నాడు. ఎప్పటి నుంచి అంటే, మే నుంచే అన్నాడు.