కిటికీ కింద తిన్నె, కడప రాతి అరలు



ఈసారి పాఠాల గురించి గాక, సేత్తూరులోని మా ఇంటిలో జరిగిన ఒక చిన్న కట్టుబడి గురించి వ్రాస్తున్నాను. తూర్పు గదిలో కిటికీకి ఇరుప్రక్కల గోడలోనే పుస్తకాల అరలు, కిటికీ కింద కూర్చోవడానికి ఒక తిన్నె కట్టించుకున్నాము. ఇందులో వ్రాయదగినది ఏమున్నది అనుకోవచ్చు. చదివిన పిమ్మట మీరే నిర్ణయించండి.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంటిలో చాలా కాలం ఒక చెక్క బీరువా ఉండేది. అద్దాల తలుపులు, ఇత్తడి తాళం. నా తెలుగు పుస్తకాలన్నీ అందులోనే. ఉపాధ్యాయ శిక్షణ నాటి పాఠ్య ప్రణాళికల నోటు పుస్తకం కూడా అందులోనే ఉండేది. మా గురువుగారి ఎర్రసిరా దిద్దుబాట్లు అందులో ఉండేవి. పిల్లలు చింపుతారని తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకునేదాన్ని. ఒక ఏడాది ఆశ్వయుజ కార్తికాల వానలకు గోడ చెమ్మగిల్లింది. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ బీరువా తెరిస్తే క్రింది రెండు అరలు మట్టిగా చేతిలోకి రాలాయి. చెదపురుగుకు తాళంచెవి అవసరం లేదు. తాళం అడ్డుపడినది పిల్లలకు మాత్రమే. నోటు పుస్తకంలో అట్ట ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అదే సంవత్సరం మా ప్రాంతంలోని ఒక పాఠశాలలో తెలుగు విభాగం మూతబడింది. చేరే పిల్లలు లేరు. అక్కడి తెలుగు పుస్తకాలు మూడు గోనెసంచులలో కట్టి, పాత కాగితాల వ్యాపారికి తూకం వేయడానికి సిద్ధంగా ఉంచారు. ఆ తూకపు డబ్బు నేనే ఇచ్చి సంచులను ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. బాల వ్యాకరణం, శతకాలు, పిల్లల కథలు, పాత వాచకాలు. తెచ్చాను గాని, పెట్టేది ఎక్కడ? మళ్ళీ చెక్క బీరువాలోనా?

తమిళనాడులో తెలుగు చదువు స్థితి మీకు తెలియనిది కాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరించి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరింది. మినహాయింపుల కోసం న్యాయస్థానాలలో వ్యాజ్యాలు నడిచాయి. దాని మంచిచెడ్డలను ఇక్కడ తర్కించను. తమిళం మనకు అన్నం పెట్టిన నేల భాష, దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసిందే. కాని బడిలో తెలుగుకు దొరికే గంటలు తగ్గినప్పుడు ఇంటిలో దానికొక చోటు ఉండాలి. చోటు అని నేను అలంకారానికి అనడం లేదు. కొలతలు గల చోటు అనే నా ఉద్దేశం.

కట్టుబడికి వచ్చిన మేస్త్రి ఇంటిలో తెలుగు మాట్లాడేవాడే. కొలతలన్నీ తమిళంలో వ్రాసుకున్నాడు. చెక్క వద్దు, రాయి వేద్దామని అన్నదీ అతడే. మన వైపు వంటింటి అరలకు వేసే నల్లని కడప రాయి ఉన్నది కదా, అదే. "చెద తినదు, తడికి ఉబ్బదు టీచరమ్మా" అన్నాడు. ఆ రాయి కడప జిల్లా గనుల నుండి వస్తుంది, ఆ పేరుతోనే తమిళ ఇళ్ళలో కూడా చెల్లుతుంది. ఇన్ని వందల మైళ్ళు తెలుగు రాయి లారీలలో వస్తున్నది, తెలుగు పుస్తకం మాత్రం రావడం లేదే అనుకున్నాను.

కొలతలు అడిగేవారి కోసం చెబుతున్నాను. అర లోతు పన్నెండు అంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు. పుస్తకాల బరువు తక్కువ కాదు. అడుగు పొడవున నిలువుగా పేర్చితే దాదాపు పది కిలోలు తూగుతాయి. అందుచేత మూడడుగులకు మించి ఆధారం లేకుండా పలకను వదలరాదు. చెక్క అయితే వంగుతుంది, రాయి అయితే పగులుతుంది. పలకల అంచులను గోడలో రెండు అంగుళాలు గాడి కొట్టి దిగవేశాము. అడుగు అరను నేల నుండి ఆరు అంగుళాలు ఎత్తున ఉంచాము. వెనుక గోడకు చెమ్మ రాని పూత పూయించి, పుస్తకాల వెనుక గాలి ఆడడానికి అంగుళం ఖాళీ వదిలాము. తాళపత్రాల నాటి నుండి వచ్చిన అలవాటు ప్రకారం అరకొక వసకొమ్ము పెట్టాను. అన్నిటికంటె ముఖ్యం, తలుపులు లేవు.

ఇక తిన్నె. దానికి మొదట మా ఇంటాయన ఒప్పుకోలేదు. చీటీ డబ్బుతో ఇన్వర్టరు కొనాలని ఆయన ఆలోచన. "అరలు సరే, కిటికీ కింద అరుగు దేనికి? కుర్చీలు లేవా?" అన్నారు. సమాధానం మా అత్తయ్య చెప్పింది. పూర్వం మా ఇంటి ముందు వీధి తిన్నె ఉండేదట. ఒక పంతులుగారు దానిమీద పిల్లలను కూర్చోబెట్టి, ఇసుకలో అక్షరాలు దిద్దించేవారట. ఇల్లు తిరగకట్టినప్పుడు బండ్లు నిలుపుకోవడానికి ఆ తిన్నెను తీసివేశారు. "తిన్నె పోయినాక ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా చదవంగా నేను వినలేదు" అన్నది ఆమె. ఇన్వర్టరు మాట మరి రాలేదు.

తిన్నె పొడవు నాలుగడుగులు, లోతు ఇరవై అంగుళాలు, ఎత్తు పదహారు. ఎనిమిదేళ్ళ పిల్లకు పాదాలు నేలకు కొంచెం అందవు గనుక ఒక పీట వేశాము. వీపు అర ప్రక్కగోడకు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చుంటే కిటికీ వెలుగు ప్రక్కనుండి పుటమీద పడుతుంది. కుడిచేతితో వ్రాసేవారికి వెలుగు ఎడమవైపు ఉండాలని శిక్షణలో మాకు నేర్పారు. ముప్పై ఏళ్ళ తరువాత ఆ పాఠం ఇక్కడ పనికివచ్చింది.

అరలు సర్దిన రోజున శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదను పిల్లల కంటికి ఎదురుగా నడిమి అరలో పెట్టాను. తెలుగువారు పంచకావ్యాలలో ఒకటిగా ఎంచుకునే ఆ గ్రంథంలోని గోదాదేవి కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. మా ఊరి నుండి బస్సులో గంటలోపే చేరే ఊరు. మా పిల్లలు ఆ గోపురాన్ని ఎన్నిసార్లో చూశారు. తమ గడప ముందరి ఊరిని ఒక తెలుగు చక్రవర్తి కావ్యంగా వర్ణించాడని వారికెవరూ చెప్పలేదు. దాని ప్రక్కన కి. రాజనారాయణన్ గారి తమిళ నవల గోపల్ల గ్రామం పెట్టాను. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడి, తమిళంలో వ్రాసిన రచయిత ఆయన. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన కథ అది, 1976లో వచ్చింది. మన పూర్వికుల ప్రయాణాన్ని మనము తమిళ అక్షరాలలో చదువుకుంటున్నాము. అందులో సిగ్గుపడవలసినది లేదు, ఆలోచించవలసినది మాత్రం ఉన్నది.

మేస్త్రి చివరి రోజున ఆ పుస్తకాలను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "మా అవ్వ తెలుగులో ఎన్ని కతలు చెప్పేదో టీచరమ్మా. మాకు మాట ఉంది, అక్షరం లేదు" అన్నాడు. ఆరవ తరగతి చదువుతున్న తన కూతుర్ని పంపవచ్చునా అని అడిగాడు.

అంతా వెంటనే చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. తిన్నె ప్రక్కనే కరెంటు మిస్త్రీ ఒక ప్లగ్గు బిగించి వెళ్ళాడు. మొదటి నెల అంతా వీధి పిల్లలు అక్కడ చేరి సెల్‌ఫోనుకు చార్జింగు పెట్టుకొని ఆటలాడారు. పుస్తకాల వైపు తల త్రిప్పినవారు లేరు. ఆ ప్లగ్గును తీయించి గది అవతలి మూలకు మార్చాను. పిల్లలు సగం తగ్గారు. మిగిలినవారు ఏమీ తోచక అరలోకి చేయి చాపారు. నేను కోరినదీ అదే.

ఇప్పుడు శనివారాలు నలుగురు వస్తున్నారు. మేస్త్రి కూతురు గుణింతం ముగించి కథల పుస్తకం వ్రేలు పెట్టి కూడబలుక్కుంటున్నది. క, గ లకు తమిళంలో ఒకటే అక్షరం గనుక మొదట తికమకపడింది. ఇంటిలో పలికే మాటను తలచుకొని తానే దిద్దుకుంటున్నది. మొన్న ఒక పుట చింపింది కూడా. జిగురుతో అంటించాము. నేను తాళం వేసి కాపాడిన పుస్తకాలు మట్టి అయినాయి, చిరిగిన ఈ పుస్తకం చదవబడుతున్నది.

రాజపాళయంలో పుట్టి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన పి. ఎస్. కుమారస్వామి రాజా గారు తమ ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చివేశారు. అంతటి త్యాగం మనవల్ల కాదు. ఒక కిటికీని ఇవ్వగలము గదా! అద్దె ఇల్లయితే రాయి అక్కరలేదు. వెలుగు పడే చోట ఒక పలక, ఒక పీట, చేతికి అందే ఎత్తున పది పుస్తకాలు చాలును. పుస్తకానికి చోటు ఇవ్వడం సగం పని. చదివేవారికి చోటు ఇవ్వడం తక్కిన సగం. నేను ఆ రెండవ సగాన్ని ఇరవై ఏళ్ళు మరచి ఉన్నాను, మీరు మరువకండి.

సెలవు.