రోమంథము – నెమరు – చర్విత చర్వణము

సంస్కృతమున రోమంథము, తెలుగున నెమరు. పశువు మ్రింగిన మేతను మరల నోటికి దెచ్చుకొని తీరికగా నమలుటకు ఈ రెండు పేళ్లు. నిజామాబాదు ప్రాంతమున నెమరు అను మాట నిఘంటువులో కంటె పశువుల కొట్టములోనే సజీవముగ నున్నది. తెల్లవారగనే రైతు ఎద్దు దవడవంక జూచును. "ఎద్దు నెమరేస్తలేదు అయ్యగారూ" అని అతడన్నచో ఎద్దునకు జబ్బు చేసినదని అర్థము, వేరుగ చెప్పనక్కరలేదు.

పాణిని తన అష్టాధ్యాయిలో (3.1.15) రోమంథ శబ్దమునకు క్యఙ్ ప్రత్యయమును విధించి 'రోమంథాయతే' అను రూపమును సాధించెను. వార్తికకారుడు దానికొక కట్టుబాటు చేర్చెను: దవడ కదలినపుడే ఈ రూపము చెల్లును. ప్రత్యుదాహరణము పురుగు. పశువు విడిచిన దానితో పురుగునకును పని కలదు గాని, అది 'రోమంథాయతే' కాదు. ఆ పురుగు దానిని తినునని కైయటుడును, గుండ్రముగ జేయునని న్యాసకార హరదత్తులును వ్యాఖ్యానించిరి. ముగ్గురు మహాపండితులు ఒక పేడపురుగును గూర్చి భేదించిన ఈ ఘట్టము పాఠమునకు వచ్చినపుడు మా పాఠశాలలో గురువుగారు సైతము నవ్వెడివారు.

ఇటీవల నా పూర్వ శిష్యుడొకడు, ఇపుడు తానును అధ్యాపకుడు, నాయొద్దకు వచ్చి, "గురువుగారూ, అమరకోశమును వల్లె వేయించుట చర్విత చర్వణమే గదా! ఇక మానివేయుదమా?" అని వినయముగనే అడిగెను. నా నలుబది యేండ్ల బోధన అంతయు ఆ ఒక్క సమాసములో ఇమిడిపోయినట్లు తోచినది.

భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు తండ్రితో మాటలాడుచు సంసారమగ్నులను గూర్చి ఈ మాట వాడెను. బోధన్ పరిసరముల పిల్లలకు దీని అర్థము చెప్పనవసరము లేదు. చెరకు ముక్కను నమిలి ఉమిసిన పిప్పిని మరల నోట బెట్టుకొనువాడుండడు. అయితే పండ్లు విడిచినచోట యంత్రము విడువదు. మంజీరపై నిజాంసాగరము కట్టిన పిమ్మట ఆ నీటితో చెరకు సాగు పెరుగగా, 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015 డిసెంబరులో మూతబడెను. చక్కెర మిల్లులో చెరకును ఒక్కమారు పిండి ఊరకొనరు. పిప్పిపై నీరు చల్లి తరువాతి రోలర్ల నడుమకు మరల మరల పంపుదురు. తొలిమారు దక్కని రసము అపుడు దక్కును. తుదకు మిగిలిన పిప్పి బాయిలరులో మండి ఆ యంత్రములనే నడపును. కావున చర్విత చర్వణమంతయు నీరసమనుటకు వీలులేదు.

నెమరు సంగతి ఇంకను వేరు. ఆవు మేయునపుడు రుచి చూచునంత తీరిక లేనట్లు గబగబ మ్రింగును. ఆ పిమ్మట నీడన పండుకొని, దినమునకు ఏడెనిమిది గంటలు నెమరునకే వెచ్చించును. ముందు మ్రింగనిదే నెమరునకు మేత ఎక్కడిది? అమరకోశ ద్వితీయకాండమందలి వనౌషధివర్గమును నేను పదియవ యేట అర్థమెరుగకయే మ్రింగితిని. అందు రసాల శబ్దము మామిడికొకచోట, చెరకునకొకచోట పేరుగ వచ్చును. అక్షరములు తప్పక అప్పజెప్పితిని, అంతే. నడివయసున ఒకనాడు బోధన్ దారిలో చెరకు బండ్ల వెనుక బస్సు నిలిచిపోగా, బండియెద్దులు నెమరువేయుట చూచుచుండగా, ఆ రెండు చోట్లును ఒక్కసారి నాలుకపైకి వచ్చినవి. రెండింటికిని సారము రసమే. రెండును నోట నిలిపినగాని దక్కవు. రసాస్వాదమునకు అభినవగుప్తుడు 'చర్వణ' యను మాటనే ఏల వాడెనో నాకు ఆనాడు తెలిసినది. పదియవ యేట ఆ శ్లోకములు లోనికి పోకున్నచో ఆనాడు పైకి వచ్చుటకేమున్నది?

శిష్యునితో ఇంత చెప్పి, అమరమును తొలగింపవలదంటిని. అతడు వెంటనే ఒప్పుకొనలేదు. "పరీక్ష ముందురోజు మ్రింగి మరునాడు కాగితముపై దింపి మరచిపోవుటయో?" అని అడిగెను. నోటి పరీక్షలో అర్థమడిగినచో నీళ్లు నమలు విద్యార్థులను నేనును చూచుచునే యున్నాను. దానిని మాన్పుటకు నాకు అభ్యంతరము లేదని చెప్పితిని. అది పురుగు పని. అందు హనుచలనము లేదు.