రెండు పైపుల బండి, ఒక ఉస్తాద్

పత్రిక అడిగింది రోడ్డు రోలర్ కథ. పట్టుబడిన మోత సైలెన్సర్లను నడిరోడ్డు మీద వరసగా పేర్చి, వాటి మీద రోలర్ ఎక్కించి పోలీసులు ఫొటోలు దిగడం హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చూస్తూనే ఉన్నాం. ఆ సరుకు ఎవరు అమ్ముతున్నారు, ఎవరు బిగిస్తున్నారు అని అడగాలంటే పుత్లీబౌలి వెళ్లాలి. బైకుల విడిభాగాలకు హైదరాబాద్‌లో పాత అడ్డా అది. కానీ అక్కడి ఒక గల్లీ చివర, అరవై దాటిన మెకానిక్ ఒకాయన యెజ్డీ రోడ్‌కింగ్ పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. రోలర్ కథ వెనకబడింది.

గల్లీలో అందరికీ ఆయన ఉస్తాదే.

రోడ్‌కింగ్‌కు సిలిండర్ ఒకటే, పైపులు మాత్రం రెండు. మైసూరులోని ఐడియల్ జావా 1978 నుంచి 1996 దాకా చేసిన 250 సీసీ టూ స్ట్రోక్ బండి అది. కంపెనీ మూతపడ్డాక అసలు సైలెన్సర్ దొరకడమే గగనమైంది. ఇప్పుడు వచ్చేవన్నీ అచ్చు చూసి చేసిన నకళ్లు. పైకి తళతళలాడతాయి గానీ, బిగించబోతే వంపు ఒకచోట, బోల్టు రంధ్రం మరోచోట ఉంటాయి.

పాత పైపు విప్పడం దగ్గరే పనితనం తెలిసిపోతుంది. సిలిండర్ దగ్గర పైపును పట్టి ఉంచే కాలర్ నట్టు మసితో, వేడితో బిగుసుకుపోయి ఉంటుంది. సుత్తితో బాదితే మరలు అరిగిపోతాయి, సిలిండర్‌కే ఎసరు. ఉస్తాద్ ముందు రోజు సాయంత్రమే దానికి డీజిల్ పట్టించి ఉంచారు. కొక్కెం పానా తగిలించి, విప్పడానికి బదులు ఒక్క పిసరు బిగించారు. పట్టు వదిలిన చిన్న చప్పుడు విన్నాకే వెనక్కి తిప్పారు. తర్వాత పాత ప్యాకింగ్‌ను గోకి గోకి తీశారు. దాని మీదే కొత్తది వేసి పంపించే వాళ్లున్నారు. పది రోజులకు అతుకు దగ్గర నల్లటి నూనె కారితే పైపు చేసినవాణ్ణి తిట్టుకుంటారు.

కొత్త పైపు అనుకున్నట్టే కుదరలేదు. వెనక బోల్టు రంధ్రం కొద్దిగా పక్కకు పోయింది. శిష్యుడు చోటూ పైపును మోకాలితో నొక్కి బోల్టు దూర్చబోతే ఉస్తాద్ కసిరారు. బలవంతాన లాగి బిగిస్తే ఆ ఒత్తిడి పైపులోనే ఉండిపోతుంది, ఇంజన్ అదురుకు ఎప్పుడో బ్రాకెట్ దగ్గర పగులుతుంది. గ్యాస్ మంటతో వంచితే క్రోమ్ పాడవుతుంది. అందుకని ఆకురాయి తీసుకుని, బ్రాకెట్ రంధ్రాన్ని కాస్త కోలగా అరగదీశారు. రెండు పైపులనూ వదులుగా వేలాడదీసి, వెనకనుంచి ఒంటి కన్నుతో వరస చూసుకుని, ముందు సిలిండర్ వైపు, ఆ తర్వాతే వెనక బోల్టు బిగించారు. స్టార్ట్ చేసే ముందు పెట్రోలు గుడ్డతో పైపులు రెండూ తుడిచారు. వేలిముద్రలుంటే వేడికి క్రోమ్ మీద మచ్చలై కూర్చుంటాయట. ఈ పట్టింపు చూస్తే ముచ్చటేసింది.

అంతలో బుల్లెట్ మీద ఒక కుర్రాడు. ‘ఉస్తాద్, సైలెన్సర్ లోపల జాలీ తీసెయ్యున్రి, పికప్ వస్తది.’

‘పికప్ రాదు బేటా, చప్పుడొస్తది. ఏది గావాలె?’

కుర్రాడు పక్క దుకాణానికి వెళ్లిపోయాడు. అక్కడ పంజాబ్, ఇండోరీ, డాల్ఫిన్ పేర్లతో సైలెన్సర్లు దండల్లా వేలాడుతున్నాయి. ‘పోరగాళ్లు సౌండు నేర్చుకుంటున్నరు గని ఫిటింగ్ నేర్చుకుంటలేరు’ అని ఉస్తాద్ చోటూ వైపు చూసి గొణిగారు.

టూ స్ట్రోక్‌లో పైపు అంటే పొగగొట్టం ఒక్కటే కాదు. సిలిండర్ నుంచి బయటికి జారిపోయే తాజా పెట్రోలు మిశ్రమాన్ని, పైపులో తిరిగొచ్చే ఒత్తిడి అల మళ్లీ లోపలికి నెడుతుంది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ అలలకు తగ్గట్టు రేసు బండ్ల పైపులు మలిచాడు. ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి, ఆ రహస్యాలను సుజుకీ చేతికిచ్చాడు. మరుసటి ఏడాది 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది. పైపు ఆకారానికి అంత విలువ ఉంది. మన దగ్గర దాన్ని కోసి, రంధ్రాలు పొడిచి పికప్ అంటున్నారు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ గొట్టంలోనే ఉంటుంది. దాన్ని పీకితే చప్పుడుతో పాటు విషవాయువులూ పెరుగుతాయి. అయినా రోలర్ కింద పడేది కుర్రాడు కొన్న సైలెన్సర్. దాన్ని అమ్మిన దుకాణం మర్నాడు పొద్దున మళ్లీ తెరుచుకుంటుంది. చిరాకు పుట్టించేది అదే. జాలీ తీయనన్న ఉస్తాద్ బేరం పోగొట్టుకున్నారు, తీసిన పొరుగువాడు గల్లా నింపుకున్నాడు.

బండికి కొత్త పైపు వేయిస్తుంటే ప్యాకింగ్ కొత్తది అడగండి. కాస్త దూరం నడిపి, ఇంజన్ చల్లారాక కాలర్ నట్టు మళ్లీ ఒకసారి బిగించమనండి. ఉస్తాద్ దీనికి విడిగా డబ్బు తీసుకోరు.