ఆకాశంలో వేలిముద్రలు

వేలిముద్ర అనే మాటకు స్టూవర్టుపురంలో వున్న బరువు మరో ఊళ్లో వుండదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారిని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో ఇక్కడ కాపురం పెట్టించారు. మద్రాసు ప్రభుత్వంలోని సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు ఊరికి వచ్చింది. రిజిస్టరుకెక్కిన వారెవరి వేలిముద్రలైనా, ఎప్పుడైనా తీసుకోవచ్చునన్నది ఆ చట్టం. నేరం చేయనక్కరలేదు, పుట్టడం చాలు! 1952లో చట్టం పోయింది. అపవాదు పోలేదు.

ఆ ఊరి కుర్రవాడొకడు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. "మాస్టారూ, ఆకాశంలోనూ వేలిముద్రలు తీస్తారండీ" అన్నాడు మొన్న నాతో. తెలుగు మాస్టర్ని గదా, విస్తుపోయి విన్నాను.

చుక్కకూ చుక్కకూ నడుమ చల్లని మేఘాలున్నాయట. వానమేఘాలు కావు. సున్నాకు దిగువ 260 డిగ్రీల చలి. అందులోని సన్నని ధూళిమీద కార్బన్ మోనాక్సైడు మంచులా పేరుకుంటుంది. హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటే వచ్చి దానితో చేరితే ముందు ఫార్మాల్డిహైడు, ఆ తరువాత మెథనాలు తయారవుతాయి. అణువు గిరగిర తిరిగేటప్పుడు దానికే చెల్లిన రేడియో తరంగాలు వెలువడతాయి. అవే దాని వేలిముద్రలు. అలా 1969లో ఫార్మాల్డిహైడు, 1970లో మెథనాలు పట్టుబడ్డాయి. 1975లో ధనూరాశి వైపున్న మేఘంలో, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరాన, ఈథైల్ ఆల్కహాలు దొరికింది.

"అంటే సారాయే గదటోయ్! అక్కడ ఎక్సైజువారు లేరూ?" అన్నాను.

"పట్టుకుందామంటే తాగేవాడు లేడండీ" అని నవ్వాడు.

ఇలాంటి మేఘం నుంచే 460 కోట్ల ఏళ్ల కిందట మన సూర్యుడూ, భూమీ ఏర్పడ్డాయి. దానికి కార్బన్ అంతకుముందటి నక్షత్రాల వంట. ఆనాడు ముద్ర వేసిన వేలిలోనూ, వేయించిన పోలీసు వేలిలోనూ వున్నది ఆ కార్బనే.

చివర అతడు చెప్పినది నన్ను పట్టుకుంది. 2003లో కొందరు శాస్త్రజ్ఞులు మేఘాల్లో గ్లైసీను దొరికిందన్నారు. 2005లో మరికొందరు ఆ గీతలన్నీ సరిచూసి, వుండవలసినవి కొన్ని లేవు, రుజువు చాలదన్నారు. ఇప్పటికి 300 పైచిలుకు అణువులు పట్టికకెక్కాయి గాని, గ్లైసీను మాత్రం ఎక్కలేదు.

ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పగానే అవతలివారు కుర్చీలో సర్దుకు కూర్చుంటారట. కంటికి కనిపించని అణువును పట్టికలో చేర్చడానికి అన్ని రుజువులు అడుగుతారే! ఈ కుర్రవాడి విషయంలో ఒక్క రుజువు అడిగిన వారేరీ?